చేతికి పరిహారం

వకీలు గది బయట, కట్టు కట్టి ఉన్న ఆమె చేతిని మరిది మెలిపెట్టాడు.

"బెల్లంకొట్టిన రాయిలా నిలబడతావేం వదినా? బండి మీద అన్నయ్య వెనకాల నువ్వూ ఉన్నావు. లారీ గుద్దితే ఆయన పోయాడు, నీ చెయ్యి విరిగింది. అలా చెబితే పరిహారం రెట్టింపు ఇస్తారు!"

"నేను బండెక్కలేదు."

ఆమె తలను గోడకేసి కొట్టాడు. "ఎక్కానని చెప్పు!"

బెంచీ మీంచి అత్త లేచి చెయ్యెత్తింది. అలవాటు కొద్దీ కోడలు మొహం కప్పుకుంది. దెబ్బ మరిది చెంప మీద పడింది.

"వదలరా! ఆ చెయ్యి విరిచింది లారీ కాదు, మీ అన్న. గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నది నేను."

"అమ్మా, డబ్బొస్తుందే..."

"నా కొడుకు ప్రాణానికి లారీవాడు కడతాడు. దీని చేతికి కట్టాల్సింది మనంరా."