నాది ఎక్కించండి

డాక్టరు సారుకు,

నా పేరు కొమురవ్వ. వయసు అరవై ఆరు. మందమర్రిలో కొడుకు, కోడలు రేవతితో ఉంటాను.

జ్వరానికి వాడిన మందులతో రేవతి పేగుల్లో మంచి క్రిములు చచ్చి, చెడ్డవి పెరిగాయని మీరే చెప్పారు. ఆగని విరేచనాలతో ప్రాణం పోయేలా ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలం శుద్ధి చేసి, అందులోని మంచి క్రిములను ఆమె పేగుల్లోకి ఎక్కిస్తే బతుకుతుందన్నారు. పరీక్షల్లో నాది పనికొచ్చింది.

ఒప్పుకోలు కాగితం మీద నా కొడుకే సంతకం పెట్టనంటున్నాడు.

“ఛీ, గదేం వైద్యమే అవ్వా? నలుగురు నవ్వరా?”

“నవ్వనీరా. నీ పెండ్లాం సస్తే గా నలుగురు తెచ్చిస్తరా?”

పోయినేడు నడుము విరిగి నేను మంచాన పడితే, రేవతి ఇదే మలాన్ని రెండు చేతులతో ఎత్తింది. ఒక్కనాడూ ఛీ అనలేదు.

ఇంక ఆగకండి సారూ.

కొమురవ్వ వేలిముద్ర.

సాక్షి సంతకం: సంపత్, ఛీ అన్న కొడుకు.