పక్కింటి రామదాసు

“ఇదిగో, ఈడ. ఈడ చదువురా,” అంటూ లక్ష్మీదేవమ్మ కోడలి ఫోను తెచ్చి కొడుకు ముక్కు దగ్గర పెట్టింది.

భరత్ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. తల్లి ఫోన్లో పెట్టిన కేకలకు బెదిరి, ఉరవకొండలో ఎరువుల అంగడి మూసేసి బండెక్కి ఊరికి వచ్చాడు. నందిని ఫోను చార్జింగులో వదిలి, మిద్దె మీద వేరుశనక్కాయలు ఆరబోస్తోంది.

“ఇది ఆట కదమ్మా. మనమొక బొమ్మను చేసుకుంటాం, దానికి ఒక ఇల్లు కట్టుకుంటాం. అంతే.”

“ఆరునెల్ల నుంచి చూస్తాండా ఆ ఇల్లు. గోడలకు రంగేస్తాది, చెరిపేస్తాది, మళ్ళీ వేస్తాది. పూటకొక పరదా మారుస్తాది. ఎవరి కోసమప్పా ఆ సింగారం? అడిగితే, ‘నేను ఇల్లు సర్దుకునేదే అత్తా, ఎవరితోనూ మాట్లాడను’ అంటాది. మరి వీడెవడు?”

ఫోన్లో నందిని ఇల్లు ముచ్చటగా ఉంది. నీలం తలుపులు, వాకిట్లో ముగ్గు, పెరట్లో నిండు బావి. ఆ బావిని చూసినప్పుడల్లా లక్ష్మీదేవమ్మకు కడుపు మండుతుంది. చేన్లో మూడు బోర్లు వేసినా చుక్క పడలేదు, ఇక్కడ వేలు తగిలిస్తే బావి! ఆ ఇంటి పక్కనే ఇంకో ఇల్లుంది. గోడలకు సున్నం కూడా లేదు. లోపల ఒక మంచం, అంతే. ఆ ఇంటాయన పేరు రామదాసు.

“ఆ పక్కింటోడు కూడా యాడో ఉండే మనిషేనమ్మా. వాని ఫోన్లో వాడు ఆడతాంటాడు. పేరు మాత్రం ఏదో ఒకటి పెట్టుకొని ఉంటాడు,” అన్నాడు భరత్.

“ఇల్లు సర్దుకునే రకం కాదు వాడు. రోజూ వచ్చి దీని అరుగు మీద కూర్చుంటాడు. ఒకటే ముచ్చట్లు. చదువు.”

భరత్ చదివాడు. “‘కాలు బెణికింది కదా, కాపడం పెట్టుకున్నావా?’”

లక్ష్మీదేవమ్మ గుండెలు బాదుకుంది. సోమవారం నందిని మిద్దె మెట్ల మీద జారిన మాట నిజం. ఆ సాయంత్రానికే వంటింటి కిటికీలో నొప్పుల మందు ట్యూబు వచ్చి కూర్చుంది.

“నువ్వు తెచ్చినావనుకొంటిని గదరా!”

“నాకు కాలు బెణికినట్టే తెలీదమ్మా.”

“అంటే ఊర్లోవాడే! మనింటికి వచ్చి పోతాండాడు!”

భరత్ ముఖం నల్లబడింది. కిందిది కూడా చదివాడు. “‘మీ అత్త నోరు పెద్దది గానీ మనసు మంచిది. ఏడవద్దు.’”

“నా నోరు పెద్దదా! నా నోటి సంగతి వానికేం తెలుసురా?”



నిజానికి ఆమెకు కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఆమెకు మాటలకు దొరికేది కోడలొక్కతే. మొగుడు ఎర్రన్న మితభాషి. కోడలితో అయితే అసలు మాటే లేదు. మామ కోడలి ముఖాన మాట్లాడకపోవడం వాళ్ళ వంశంలో మర్యాద. నందిని ఎదురుపడితే పక్కకు తిరుగుతాడు. మజ్జిగ కావాలన్నా భార్యకే చెబుతాడు. పొద్దున్నే చద్ది కట్టుకొని, మార్కెట్లో పంట ధరలు చూసుకునే ఫోను జేబులో వేసుకొని చేనికి కావలి పోయాడు.

“మీ నాయనకు తెలిసిందంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆయప్ప వచ్చేలోపల తేల్చాల,” అంది లక్ష్మీదేవమ్మ.

అంతలో నందిని మిద్దె దిగింది. భర్త చేతిలో తన ఫోను చూసి ఆగిపోయింది.

“ఎవరీ రామదాసు?” అన్నాడు భరత్.

“తప్పుడు మనిషి కాదు.”

“పేరడిగినా.”

“చెప్పను. ఎవ్వరికీ చెప్పనని మాటిచ్చినా. బయటపడితే ఆయన మళ్ళీ నోరు విప్పడు.”

“ఆయనంట, ఆయన!” అంది లక్ష్మీదేవమ్మ. “గుడ్డలు సర్దుకో. నాలుగ్గంటల బస్సుకు పుట్టింటికి పో. ఆ పేరేందో మడకశిరలో మీ నాయనకే చెప్పుకో.”

నందిని భర్త వైపు చూసింది. అతను గోడ వైపు తిరిగాడు. ఆమె ఏడుస్తూ లోపలికి పోయి బ్యాగు తీసింది. ఆ ఏడుపు విని లక్ష్మీదేవమ్మ గడప దాకా వెంటపోయింది. కానీ దొంగ దొరకకుండా ఊరుకునే మనిషి కాదామె.

“ఒరేయ్, దీని ఫోన్లోనే వానికి రాయి. ‘మెట్ల మీద పడిపోయినా. ఇంట్లో ఎవ్వరూ లేరు. లేవలేకుండా ఉండా’ అని రాయి.”

లోపలినుంచి నందిని పరిగెత్తుకొచ్చింది. “వద్దత్తా! ఎండన పడి ఉరుక్కుంటా వస్తాడు!”

“రావాలనే కదా!”

భరత్ రాసి పంపేశాడు. తలుపు ఓరగా వేసి, ముల్లుకర్ర పట్టుకొని దాని వెనక నిలబడ్డాడు. లక్ష్మీదేవమ్మ కోడలిని వంటింట్లోకి లాగి, ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టింది. ఊర్లో ఒక్కొక్క మగవాణ్ణి తలుచుకొని ఒక్కొక్కరికీ ఒక తిట్టు సిద్ధం చేసుకుంది.

పావుగంట గడిచింది. వాకిట్లో ఎవరో పరిగెత్తి వస్తున్న అడుగుల చప్పుడయింది. కాళ్ళకు చెప్పులు కూడా లేనట్టుంది. తలుపు ధడాలున తెరుచుకుంది. భరత్ ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోయింది.

“నందినీ! యాడ పడినావు తల్లీ?” అన్నాడు రొప్పుతూ ఎర్రన్న.