పదిహేడో నంబర్

“మళ్ళ పెంచిండమ్మా!” అంది స్వీటీ, ల్యాప్‌టాప్ మీంచి కళ్ళు తీయకుండా.

లీలమ్మ కూతురి భుజం మీంచి తొంగి చూసింది. “ఎవడే వాడు? ఎక్కడినుంచి దాపురించిండు మనకు?”

“పేరు కనపడదమ్మా. పదిహేడో నంబర్ అని ఒక్కటే చూపిస్తది.”

తెర మీద ఒక పాత జాజ్ రికార్డు బొమ్మ ఉంది. అట్ట మీద కోట్లు తొడుక్కున్న అయిదుగురు కుర్రాళ్ళు నవ్వుతున్నారు. చివరన, అందరికన్నా బక్కగా, ట్రంపెట్ పట్టుకుని నిలబడ్డవాడు ప్రకాశం, లీలమ్మ భర్త. ఆ అయిదుగురూ కలిసి చేసిన రికార్డు అదొక్కటే. కంపెనీ అప్పట్లో కొన్నే వేసింది కాబట్టి ఇప్పుడు దానికోసం డబ్బున్నవాళ్ళు ఎగబడుతున్నారు. బొంబాయిలో ఎవరో ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టారు. పోయిన నెల ప్రకాశమే ఆ బొమ్మ భార్యకు చూపించి, “మనకు అందే సరుకు కాదులే లీలా” అన్నాడు. ఆ వారంలోనే గుండెపోటు వచ్చి పోయాడు. వేలం మాత్రం ఈ సాయంత్రం ముగుస్తుంది.

ఆయన ఫోటోలు ఇంట్లో బోలెడున్నాయి. ఆయన ఊదిన ఊపిరి మాత్రం ఆ నల్లటి పళ్ళెంలోనే ఉంది. అది రేపు ఎవరి అల్మారాలోనో చేరిపోతే ఇక ఈ జన్మకు ఆమె వినే వీలుండదు.

“ఇంకో రెండు వేలు పెంచు బిడ్డా.”

స్వీటీ నొక్కింది. నొక్కిన వేలు ఇంకా లేవనేలేదు, పదిహేడో నంబర్ దాని మీద మరో వెయ్యి పెంచేసింది.

“రెప్ప గూడ వేస్తలేడా వీడు?” అన్నాడు లీలమ్మ తమ్ముడు ప్రేమ్‌రాజ్. ఉస్మాన్‌గంజ్‌లో దుకాణం మూసి నేరుగా కంచన్‌బాగ్‌లోని అక్క ఇంటికి వచ్చాడు. “గంజ్‌ల మిర్చి వేలంపాటల ఎవడన్న గిట్ల పెంచితే, మొఖం చూసి చెప్త వాడు ఎక్కడ ఆగుతడో. దీంట్ల మొఖమే లేకపాయె!”

“మనిషి కూసోడు మామా. ఇంతదాకా పెంచమని ముందే చెప్పి పెట్టుకుంటరు. కంప్యూటరే పెంచుకుంట పోతది.”

“అంటే వాడిప్పుడు చూస్తలేడా?” అంది లీలమ్మ.

“చూస్తలేకపోవచ్చు. ఎక్కడనో హాయిగ పండుకున్నడేమో.”

“పండుకొని నా మొగుణ్ణి ఎత్తుకపోతున్నడా!” లీలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. “వానికి నాలుగు మాటలు రాయరాదా బిడ్డా? అందుల ఊదేటాయన నా పెనిమిటి, నువ్వు ఇంకేదన్న కొనుక్కో అని. మనిషే గద, కరగడా?”

“గట్ల రాయనియ్యరమ్మా.”

లీలమ్మ కాసేపు ఆ బక్క కుర్రాడి కేసి చూసింది. “అరవై వేలు కొట్టు.”

ప్రేమ్‌రాజ్ ఉలిక్కిపడ్డాడు. “అక్కా! గవి బావ సమాధి రాయికి పెట్టిన పైసలు.”

“తెలుసురా. రాయి ట్రంపెట్ ఊదుతదా?”

“రికార్డు తిప్పే మెషిన్ గూడ లేకపాయె ఇంట్ల.”

“జుమ్మెరాత్ బజార్ల పాతది దొరుకుతది. నువ్వే కొనియ్యి. నీ పెండ్లికి బావ సూటు కుట్టియ్యలె?”

ప్రేమ్‌రాజ్ నవ్వబోయి, ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

స్వీటీ అరవై కొట్టింది. తెర మీద అరవై ఒకటి పడింది. పదిహేడో నంబర్.

తెర కింది మూలన చిన్న గడియారంలో అంకెలు తగ్గుతూ పోతున్నాయి. లీలమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా కూర్చుంది. తమ్ముడే ఆగలేకపోయాడు. “నా దగ్గర పది ఉన్నయి. డెబ్బయి కొట్టు స్వీటీ. జల్ది!”

డెబ్బయి. ఆ వెంటనే డెబ్బయి ఒకటి. పదిహేడో నంబర్.

“ఆగురా బాబూ, నీ కాళ్ళు మొక్కుత” అని లీలమ్మ తెరకు దండం పెట్టింది. గడియారం సున్నాకు చేరింది. నవ్వుతున్న అయిదుగురి మీద అడ్డంగా ఎర్రటి పట్టీ పడింది. అమ్ముడుపోయింది.

స్వీటీ ల్యాప్‌టాప్ మూసేసి తల్లిని పట్టుకుంది. లీలమ్మకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇరవై ముప్పై ఏళ్ళుగా చర్చిలో గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, పళ్ళు పటపట కొరికింది.

“వాని నోట్లె మన్ను వడ! వాడు ఇది వినకుండనే పోవాలె!”

“తప్పక్కా, గట్లనకు” అన్నాడు ప్రేమ్‌రాజ్.

“ఎందుకనొద్దు? ఒకసారి దేవుడు తీస్కపోయిండు, ఏమన్లే. రెండోసారి వీడెవడురా తీస్కపోవటానికి?” అప్పుడు ఏడ్చింది లీలమ్మ, కూతురి భుజం తడిసిపోయేలా ఏడ్చింది.

లోపలి గదిలో ఫోన్ మోగింది. ప్రకాశం ఫోన్. పింఛను కాగితాల పని తేలేదాకా ఉండనిమ్మని ఎవరో చెబితే ఆపకుండా ఉంచారు. చావు కబురు ఇంకా తెలియని స్నేహితుడెవరో చేస్తున్నాడనుకుంది లీలమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళి తీసింది. చెవి దగ్గర పెట్టుకుంది.

అవతల ఒక అమ్మాయి హిందీలో హుషారుగా అంటోంది. “ముబారక్, ప్రకాశం సాబ్! మీ పదిహేడో నంబరే గెలిచింది. పోయిన నెల మీరు చెప్పినట్టే పార్సిల్ లీలమ్మ గారి పేరు మీద పంపించమంటారా?”