నలభై రెండో పేజీ

“బాబాయ్ గారూ, లైబ్రరీ పుస్తకంలో రాస్తున్నారా?”

లైబ్రేరియన్ కౌంటర్ దగ్గర్నుంచే అడిగింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన పెన్సిల్ దాచుకోలేదు సరికదా, తల కూడా ఎత్తలేదు.

“రాయడం కాదమ్మా. ఒక్క వాక్యం కొట్టేశానంతే.”

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. ఆమె వెళ్ళి పుస్తకం లాక్కుంది.

ఆర్కిడ్ల పెంపకం గురించి ఆ లైబ్రరీలో ఉన్నది అదొక్కటే. నలభై రెండో పేజీలో ‘పూలకాడ మీద ఆకులు పుడితే వెంటనే కోసెయ్యాలి’ అన్న వాక్యం మీద అడ్డగీత. పక్కన చిన్న అక్షరాలతో ‘కొయ్యకండి’.

ఆమెకు ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచి ఆ పుస్తకం కోసమే బీరువాలన్నీ వెతుకుతోంది మరి.

కౌంటర్ మీదున్న ఆర్కిడ్ ఆమె తల్లిది. ఆ తల్లి ఈ కౌంటర్ వెనక కుర్చీలోనే ముప్పై ఏళ్ళు పనిచేసింది. పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ మొక్క అలిగినట్టు పూయడం మానేసింది. పోయిన నెల అది పూలకాడ వేస్తే, ఆమె వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది. తీరా చూస్తే మొగ్గ రావలసిన చోట రెండు ఆకులు, వాటి కింద తెల్లటి వేళ్ళు. గాల్లో వేళ్ళేమిటో, ఆ తిక్కేమిటో ఆమెకు అర్థం కాలేదు.

పెద్దాయన కూడా కౌంటర్ దాకా వచ్చాడు. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత మచ్చ ఒకటి ఉందాయనకు. దాని మీదుగా కళ్ళజోడు పైకి తోసుకుని మొక్క మీదికి వంగాడు.

“ఇది తెగులు కాదమ్మా, పిలక. మొదలు చూడు, నల్లబడింది. తల్లి మొక్క ఇక ఉండదు. పోయేముందు పిల్లని పెడుతోంది. ఆ వేళ్ళు వేలెడు పొడుగయ్యాక వేరే కుండీలో పెట్టుకో.”

తల్లి ఉండదన్న మాట ఆమెకు చివుక్కుమంది.

“పుస్తకం రాసినాయన కంటే మీకెక్కువ తెలుసా?”

“రాసేనాటికి వాడికి పాతికేళ్ళు. తెలిసింది తక్కువ, ధీమా ఎక్కువ.”

“మీతో చెప్పాడా?”

“రోజూ చెప్తాడు.”

పేపర్ చదవడానికి వచ్చి ప్రపంచాన్ని దిద్దిపోయేవాళ్ళను ఆమె చాలామందిని చూసింది. పుస్తకం దిద్దేవాడు తగలడం ఇదే మొదలు.

ఆయన పుస్తకం వెనక్కి తిప్పి, చివరి అట్ట లోపల అతికించిన గడువు చీటీ మీద తేదీలను వేలితో లెక్కపెట్టాడు.

“పదకొండు మంది తీసుకెళ్ళారా?”

“మంచి పుస్తకం కాబట్టి.”

“పదకొండు మంది,” అన్నాడు మళ్ళీ, నీరసంగా.

“మీకు సభ్యత్వం కార్డుందా?”

“లేదమ్మా. నాది ఈ ఊరు కాదు.”

“అయితే దయచేయండి. ఇంకోసారి పెన్సిల్‌తో కనిపిస్తే ఊరుకోను.”

గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాటన్నాడు. “నా మీద కోపంతో దాన్ని కొయ్యకమ్మా.”

ఆమె పది నిమిషాలు రబ్బరుతో రుద్ది ఆ అక్షరాలు చెరిపింది. ఆ ఊపులోనే కత్తెర తీసి, పుస్తకం చెప్పినట్టే, ఆకుల్ని వేళ్ళతో సహా కోసి చెత్తబుట్టలో వేసింది.

సాయంత్రం పక్క ఊరి లైబ్రరీ నుంచి ఫోన్.

“మీ దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడా? మా ఆర్కిడ్ల పుస్తకంలో పేజీ పాడుచేసిపోయాడండీ. ఊరూరా తిరిగి ఇదే పనట.”

“వచ్చాడు. చెరిపేశాను, తరిమేశాను,” అంది గర్వంగా.

మూడు వారాల్లో మొక్క ఆకులు ఒక్కొక్కటే పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. చివరి ఆకు పట్టుకుంటే మొదలంతా చేతిలోకి ఊడి వచ్చింది. కింద వేళ్ళన్నీ కుళ్ళిపోయి ఉన్నాయి. తల్లి కూర్చున్న ఆ కుర్చీలోనే ఆమె కూలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా చూసుకోకుండా ఏడ్చింది. అమ్మ మళ్ళీ పోయినట్టుంది. ఈసారి తన చేతుల మీదుగా.

ఏడుపు తగ్గాక కోపం వచ్చింది, ఆ పుస్తకం రాసినవాడి మీద. ఉత్తరం రాసి కడిగెయ్యాలి వాణ్ణి. పేరు, ఊరు, వివరాలన్నీ చివరి అట్ట లోపల ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనే వాటి మీద గడువు చీటీ అతికించింది.

తడిగుడ్డతో నానబెట్టి చీటీ మెల్లగా ఊడదీసింది.

కింద ఫొటోలో, నల్లటి జుట్టుతో, ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన మచ్చతో, పాతికేళ్ళ కుర్రవాడొకడు ధీమాగా నవ్వుతున్నాడు.