మా ఆయన నా సామాను

పాత వంతెన చూసుకునే పెద్ద ఇంజనీరు బాబుగారికి,

బస్సులు ఆపేశారు గదా అని, నిన్న సాయంత్రం మా ఆయన్ని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కబోయాను. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

“అవ్వా, ఇది ఇప్పుడు నడిచేవాళ్ళకే. బండ్లు పోకూడదు. అదిగో బోర్డు.”

“నేను నడుస్తూనే ఉన్నాను గదరా! ఆయన నా సామాను. సామాను తేకూడదని ఉందా ఆ బోర్డు మీద?”

బుర్ర గోక్కున్నాడు గానీ గేటు తియ్యలేదు, మొద్దు వెధవ.

బాబూ, ఇన్నేళ్ళు లారీలను మోసిన సిమెంటు కమానులు మా ఆయన ఎముకల గూడుకు కుంగిపోతాయా? ఆయనకు కాళ్ళు పడిపోయాయి. అవతలి ఒడ్డున ఆయన తమ్ముడున్నాడు. మొన్న పేకాటలో ఆ తమ్ముడి చేతిలో ఓడిపోయాడు. పగ తీర్చుకునేదాకా అన్నం ముట్టనని మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కొత్త వంతెన మీదుగా చుట్టూ తిరిగి తోసే ఓపిక నాకు లేదు. మా బండికి దారి ఇప్పించండి.

నాకు చదువు రాదు. ఇక్కడ కలం ఉన్నవాడు ఒక్కడే దొరికితే, వాడిచేత రాయిస్తున్నాను. “అవ్వా, ‘మొద్దు వెధవ’ అన్నది కొట్టేద్దామా?” అంటున్నాడు. కుదరదన్నాను.

ఇట్లు, అవ్వ వేలిముద్ర.

అయ్యా, అవ్వ చెప్పింది చెప్పినట్టే రాశాను. తమరు సరేనంటే బండి నేనే తోస్తాను.

ఇట్లు, పైన చెప్పిన మొద్దు వెధవ.