గన్ను మూతికి తీగ

హన్మంత్ తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. ఆ తెల్లదనం చూడగానే సుమలత మొహం తిప్పుకుంది.

భూపాలపల్లి దాటాక, రేగొండ తొవ్వలో ఉంది అతని సోఫాల షెడ్డు. సుమలత, ఆమె మొగుడు సంతోష్ రెండేళ్లుగా అక్కడ ఒకే బల్ల దగ్గర సోఫా ఫ్రేములు కొడుతున్నారు. నాలుగు రోజుల కిందట, సోమవారం మధ్యాహ్నం, గాలితో మొలలు కొట్టే గన్ను పేలి, రెండంగుళాల మొల సంతోష్ అరచేతిలోంచి అవతలికి దిగింది. ఇవాళ లేబర్ ఆఫీసరు విచారణకు వచ్చాడు.

బల్ల మీది నెత్తురు ఎవరూ కడగలేదు. రంపపు పొట్టు చల్లి వదిలేశారు. ఈగలు ముసురుతున్నాయి. దాని పక్కనే ఆఫీసరుకు చాయ్, బిస్కెట్లు పెట్టించాడు హన్మంత్.

"పనోళ్లకు రోజూ చెప్త సార్," అంటూ గన్ను చేతిలోకి తీసుకున్నాడు. "మొలల పట్టీ ఎక్కిచ్చే ముందట గాలి పైపు పీకెయ్యాలె. ట్రిగ్గర్ మీద వేలు పెట్టద్దు. మూతి నేల దిక్కుండాలె, మనిషి దిక్కు కాదు. కండ్లకు అద్దాలు పెట్టుకోవాలె. గీ మూతికాడి స్ప్రింగు చెక్కకు ఆనిచ్చి ఒత్తితెనే మొల దిగుతది. గదే మనిషికి రక్ష."

పంటి సందులోని వక్కపలుకును నాలుకతో తవ్వుకుంటూ, ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పాడు. రెండేళ్లలో ఆ నోటి నుంచి సుమలత విన్న పాఠం ఒక్కటే. జల్ది కొట్టుండ్రి.

"మరి ఆ స్ప్రింగుకు తీగ చుట్టి ఉందేంటి?" ఆఫీసరు గన్ను మూతి చూపించాడు. "ఇలా కడితే ట్రిగ్గర్‌కు వేలు తగిలితే చాలు, పేలుతుంది. ఎవరు కట్టారు?"

"గా సంతోషే సార్. పని జల్ది అయితదని. మొలలు ఎక్కిచ్చేటప్పుడు పైపు గూడ పీకలే. మనమెంత మొత్తుకున్నా ఇనకుంటే ఏం జేస్తం?" అని, పక్కకు తిరిగి పొట్టులో ఉమ్మాడు.

ఆఫీసరు సంతోష్‌ను చూశాడు. కట్టు కట్టిన చెయ్యి రొమ్ముకు ఆనించుకొని, సంతోష్ ఒకసారి భార్య వైపు చూసి తల వంచాడు.

"నేనే కట్టిన సార్. సేటు చెప్పిండు, నేనే ఇనలే."

సుమలతకు ఒళ్లంతా కంపరం పుట్టింది. సంతోష్ ఆ తీగను ముట్టుకోలేదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దవాఖానలో మొల గుంజుతుంటే గోడలదిరేలా అరిచిన నోరు, ఇప్పుడు నెమ్మదిగా అబద్ధమాడుతోంది. హన్మంత్ సన్నగా నవ్వి, బిస్కెట్ల ప్లేటు అతని వైపు జరిపాడు. సంతోష్ ఎడమచేత్తో ఒకటి తీసుకున్నాడు. నమిలాడు కూడా.

పనివాడి సొంత తప్పు అని ఆఫీసరు కాగితం మీద రాసుకున్నాడు.

"రేపటి సంది పనికి రావద్దన్న సార్," అన్నాడు హన్మంత్. "గసుంటోడు ఉంటె అందరికీ పరేషానే."

ఆఫీసరు లేచి వెళ్లబోతూ సుమలత దగ్గర ఆగాడు. "ఏమ్మా, నువ్వేమైనా చెప్పేదుందా?"

సుమలత ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది.

"ఏం లేదు సార్."

స్ప్రింగును ఒత్తి ఒత్తి మణికట్టు గుంజుతోందని, సోమవారం పొద్దున ఆ తీగ చుట్టింది సుమలతే.