తనిఖీకి వచ్చిన గేదె

తన్ను తగలగానే వరహాలు మోకాలు పట్టుకుని దూరంగా గెంతాడు. విరిగిన కొమ్ము గేదె అతని వంక చూడనైనా చూడకుండా నెమరువేస్తోంది.

“ఎనకనించెల్తే తన్నదేటి బావా? ముందునించి రా,” అన్నాడు అప్పలసూరి, గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ. రెండు గేదెలనూ తోలుకొచ్చింది అతనే. వరహాలు భార్యకు అన్న.

“ఇంతకీ ఎవులివి బావా ఇవి?”

“తెలిసినోలివే. ఇన్‌స్పెక్టరు సూసెల్లిపోయాక మళ్ళీ తోలీయాల. అద్దె కింద తవుడు పెడతామన్నాను.”

వరహాలు ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయాక గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు. గోబర్ గ్యాసుకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోందని విని పెరట్లో గొయ్యి తవ్వించాడు. మంజూరు కాకముందే గ్యాసు ఆఫీసు వాళ్ళు పెద్ద ఇనప డ్రమ్ము తెచ్చి అందులో దించారు. చిక్కంతా గేదెల దగ్గర వచ్చింది. గేదెలు కొనడానికి అప్పు ఇమ్మని బ్యాంకుకు వెళితే, గ్యాసు ప్లాంటు మంజూరైనట్టు కాగితం తెమ్మన్నారు. మంజూరు చేయండని గ్యాసు ఆఫీసుకు వెళితే, ముందు గేదెలు చూపించమన్నారు. ఈ రెండు ఆఫీసుల మధ్య తిరిగి తిరిగి వరహాలు సగమైపోయాడు. ఇవాళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. గేదెలు లేవని తేలితే డ్రమ్ము లారీకెక్కించుకుని పోతారు.

“డ్రమ్ము పోయిందంటే నానూ ఆ లారీయే ఎక్కీసి మాయమ్మ కాడికి పోతాను,” అంది వరహాలు భార్య దేముడమ్మ. ఇక తన ఇంట్లో పొట్టు పొయ్యి ఉండదని ఆమె అప్పటికే వీధి వీధంతా చాటింది. “ఈ మొకం పెట్టుకుని కుళాయి కాడికెల్లలేను.”

అని, విరిగిన కొమ్ము వంక కాసేపు చూసింది.

“అన్నా, దీన్ని నాను ఎల్లారావు పెరట్లో సూసినాను. ఆలింటికి తనికీకొచ్చిన రోజున.”

“సూసుంటావు.”

“ఆలింటికొచ్చిందీ ఈ ఇన్‌స్పెక్టరే కదేటి?”

“ఈయనే.”

వరహాలు అక్కడే కూలబడ్డాడు. “అయిపోనాం. కొమ్ము సూడగానే గుర్తు పట్టీత్తాడు.”

“ఏటవదు బావా. నువ్వు నోరు మూసుకుని ఉండు, సాలు.”

దేముడమ్మకు అంత ధైర్యం లేదు. దండెం మీది తువ్వాలు లాగి, గేదె కొమ్ముల చుట్టూ గట్టిగా చుట్టేసింది. ముడి వేస్తుండగానే వీధిలో స్కూటరు ఆగింది.

ఇన్‌స్పెక్టరు కనకరత్నం భారీ మనిషి. గొయ్యిలోకి ఇలా చూసి అలా తల తిప్పాడు. డ్రమ్మును బూటుతో ఒకసారి తట్టాడు. తర్వాత గేదెల ముందుకొచ్చి నిలబడిపోయాడు.

“ఇదేమిటయ్యా, గేదెకు తలపాగా?”

“తలనొప్పి బాబూ,” అన్నాడు వరహాలు.

“గేదెకు తలనొప్పని నీకెలా తెలుసు?”

“పొద్దున్నించీ అరవనేదు బాబూ.”

“మంచి గేదె ఊరికే అరవదు,” అన్నాడు కనకరత్నం. తువ్వాలు విప్పి దేముడమ్మ చేతికిచ్చాడు. విరిగిన కొమ్మును వేళ్ళతో తడిమాడు. దేముడమ్మ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“ఈ గేదె నీదేనా?”

“నాదే బాబూ. మా ఇంట్లోనే పుట్టింది. నా సేతుల మీద పెరిగింది. ఇది నాకు బిడ్డ కింద లెక్క.”

ఆ మాట కనకరత్నానికి నచ్చినట్టు లేదు. గేదె డొక్కను అరచేత్తో నొక్కి చూశాడు.

“బిడ్డకు పొద్దున్నేం పెట్టావు?”

“గడ్డి బాబూ.”

“తవుడో?”

“పెడతాను బాబూ.”

“పెడతాను కాదు. ఇప్పుడే పెట్టు. నేను చూడాలి.”

వరహాలు కుంటుకుంటూనే పరుగున వెళ్ళి బస్తా విప్పాడు. కుండెడు తవుడు పోస్తే ఇంకా పొయ్యమన్నాడు ఇన్‌స్పెక్టరు. నీళ్ళు చాలలేదన్నాడు. రెండో గేదె బక్కదని దానికి విడిగా పెట్టించాడు. రెండూ తొట్టి నాకేదాకా ఎండలో అలాగే నిలబడ్డాడు.

“ఇంత సెద్దగా తనికీ సేసే ఆపీసర్ని నానెక్కడా సూళ్ళేదు,” అని దేముడమ్మ అన్న చెవిలో గొణిగింది.

“మరేటనుకున్నావ్,” అన్నాడు అప్పలసూరి.

కనకరత్నం చేతులు కడుక్కుని, స్కూటరు సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. “గేదెల్ని ఎండలో నడిపించకండి,” అని చెప్పి స్కూటరు ఎక్కాడు.

కాగితం చేతిలో పడగానే దేముడమ్మ కుళాయి వైపు పరుగు తీసింది, బిందె కూడా లేకుండా. వరహాలు కళ్ళు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే విరిగిన కొమ్ము గేదె పలుపు తెంపుకుంది. గేటు తోసుకుని వీధిలో పడి, స్కూటరు వెనకే పరుగెత్తింది.

“బావా, పట్టు,” అంటూ వరహాలు గేటు దాకా కుంటుకుంటూ వెళ్ళాడు. “ఆయన ఎనక్కి తిరిగి సూసినాడంటే సంతకం రద్దు సేసీత్తాడు.”

అప్పలసూరి గట్టు దిగలేదు. ఆరిపోయిన చుట్ట తీరిగ్గా వెలిగించుకున్నాడు. “ఒగ్గీ బావా. పోనీ.”

“పోనీ ఏటి? రేపు దాని ఓనరొచ్చి అడిగితే ఏటి సెప్తాం?”

“ఆ స్కూటరు తోల్తన్నోడే ఓనరు.”